పరాయి నేల మీద పని: రాసినవాళ్లు, రాయనివాళ్లు

పరాయి దేశంలో బతకడం గురించిన పుస్తకాలు రెండు రకాలు. చూసొచ్చినవాళ్లు రాసినవి మొదటి రకం. వాటిలో గుళ్లు, కోటలు, మంచుకొండలు, ఆఖరున తిరుగు ప్రయాణం ఉంటాయి. అక్కడే ఉండి పనిచేసినవాళ్లు రాసినవి రెండో రకం. వాటిలో గది అద్దె, నెల జీతం, యజమాని మాటతీరు ఉంటాయి. భాష రాక దుకాణం ముందు నిలబడిపోయిన పూటా, జబ్బు చేసినప్పుడు పక్క మంచం మీది మనిషి కాచి ఇచ్చిన గంజీ ఉంటాయి. యాత్రికుడికి పరాయి ఆచారం చూడ్డానికి ఒక వింత. పనివాడికి అది రోజూ పాటించి తీరాల్సిన కట్టడి, తప్పితే కూలి పోతుంది. ఒక సమాజం తన ఇంట్లో ఎలా ఉంటుందో తెలియాలంటే ఈ రెండో రకం పుస్తకాలే చదవాలి.

కడప నుంచి కర్నూలు పోయే దారిలో, నల్లమల కొండలను కుడిచేతి వైపు పెట్టుకుని, ఆళ్లగడ్డ, నంద్యాల వస్తాయి. ఈ దారికీ దాని చుట్టుపక్కల నేలకూ ఇలాంటి రాతలతో రెండు వందల ఏళ్లకు పైబడిన సంబంధం ఉంది. ఇక్కడికి పని మీద వచ్చిన పరాయివాళ్లు విరివిగా రాశారు. ఈ దారిన సాగిపోయిన ఒక తెలుగు యాత్రికుడి పుస్తకం తెలుగు వచనానికి ఒక మొదలు అయింది. రాయలసీమ నుంచి పొట్ట చేతపట్టుకుని సముద్రాలు దాటినవాళ్లు రాసినది మాత్రం చాలా కొద్ది. ఈ తేడా ఎందుకు వచ్చిందో ఆ పుస్తకాల వరసే చెబుతుంది.

వచ్చినవాళ్లు

1794లో కోలిన్ మెకంజీ శ్రీశైలం వచ్చాడు. అప్పటికి కెప్టెన్ హోదాలో ఉన్న స్కాట్లండ్ సైనికుడు, సర్వేయర్. ఆలయం చుట్టూ ఉన్న ప్రాకారపు గోడల మీది శిల్పాలను వర్ణిస్తూ అతను రాసుకున్న దినచర్య 1798లో 'ఏషియాటిక్ రీసెర్చెస్' అయిదో సంపుటంలో అచ్చయింది. ఇవాళ శ్రీశైలం నంద్యాల జిల్లాలో ఉంది కాబట్టి, ఈ జిల్లా మీద ఇంగ్లీషులో అచ్చయిన తొలి రాతల్లో అదొకటి. మెకంజీకి ఇక్కడి భాషలు పట్టుబడలేదు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులే అతనికి కళ్లూ చెవులూ అయ్యారు. ఊరూరా కైఫీయతులు (గ్రామ చరిత్రలు) రాయించి తెచ్చింది వాళ్లూ, వాళ్ల వంటి గుమస్తాలూ. పరాయివాడి పుస్తకం వెనక స్థానికుడి శ్రమ ఎంత ఉంటుందో మెకంజీ సేకరణ చూస్తే అర్థమవుతుంది.

1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాక థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. గుడారాల్లో మకాం వేస్తూ, పొలాలు కొలిపిస్తూ, స్కాట్లండ్‌లోని ఇంటివాళ్లకు ఉత్తరాలు రాశాడు. అతను పోయాక గ్లీగ్ రాసిన జీవిత చరిత్రలో ఆ ఉత్తరాలు చాలా చేరాయి. మద్రాసు గవర్నరు హోదాలో సీమలో తిరుగుతుండగానే 1827లో కలరా సోకి పత్తికొండలో చనిపోయాడు.

1820లో కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ సంగతి తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. అయితే బ్రౌన్‌ను నిఘంటుకర్తగా, వేమనను అచ్చేయించిన మనిషిగా తలుచుకుంటారు తప్ప, పరాయి దేశంలో ఉద్యోగం చేసిన మనిషిగా చూడడం తక్కువ. ఇరవై దాటిన తొలి ఏళ్లలోనే, తనది కాని భాషలో కచేరి పనులు చక్కబెట్టాల్సి వచ్చింది. కడపలో బంగళా కొని, పండితులను జీతాలిచ్చి పెట్టుకుని, రాతప్రతులు సరిచూయించాడు. గుంటూరు కరువు నాళ్లలో పై అధికారులు ఒప్పుకోవడానికి ఇష్టపడని కరువును కరువనే రాశాడు. 1866లో తన సాహిత్య జీవితాన్ని తానే రాసుకున్నాడు. చిన్న పుస్తకమే గాని, పరాయి భాష మధ్య పనిచేసే మనిషికి ఎదురయ్యే విసుగు, ఒంటరితనం, పట్టుదల అన్నీ అందులో కనిపిస్తాయి. ఈ వరసలో ముందుగా చదవాల్సిన పుస్తకం అదే.

ఆ రోజుల్లోనే జూలియా మెయిట్లండ్ అనే ఆవిడ భర్త ఉద్యోగ రీత్యా రాజమండ్రిలో కాపురం చేసింది. 1836 నుంచి 1839 దాకా ఆవిడ రాసిన ఉత్తరాలు 'లెటర్స్ ఫ్రమ్ మద్రాస్' పేరిట 1843లో వచ్చాయి. కచేరిలో కూర్చున్న మగవాళ్లకు కనిపించనివి ఆవిడకు ఇంట్లోంచి కనిపించాయి. నౌకర్లతో మాటలు, వేసవి ఉక్క, పిల్లలకు బడి పెట్టడంలోని తిప్పలు ఇందులో ఉన్నాయి.

19వ శతాబ్దం నడిమి నుంచి ఎస్‌పీజీ మిషనరీలు ఆళ్లగడ్డకు దక్షిణాన చాగలమర్రి వైపున్న ముత్యాలపాడులోనూ, ఆ తర్వాత నంద్యాలలోనూ స్థిరపడ్డారు. నంద్యాలలో ఆ మిషన్ పేరు మీది బడి ఇప్పటికీ ఉంది. తమ పనిని లండన్‌కు ఎప్పటికప్పుడు రాసి పంపడం వాళ్ల ఉద్యోగంలో భాగం. ఆ నివేదికలను మతప్రచారం కోసం రాసినవని గుర్తుంచుకునే చదవాలి. అయినా కరువులో ఊళ్ల స్థితి, మాల మాదిగ వాడల బతుకు గురించి అప్పటి తెలుగు కావ్యాల్లో దొరకని వివరం వాటిలో దొరుకుతుంది.

అన్నిటికంటే లోతుగా పరాయి బతుకులోకి దిగినవాడు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్. వియన్నాలో 1909లో పుట్టిన మానవశాస్త్రవేత్త. రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యేనాటికి జర్మన్ పాస్‌పోర్టుతో ఇండియాలో ఉన్నాడు. శత్రుదేశస్థుడు గనక కదలికల మీద ఆంక్షలు పడ్డాయి, నిజాం రాజ్యంలో ఉండిపోవాల్సి వచ్చింది. 1940లో భార్య బెట్టీతో కలిసి అమ్రాబాద్ పీఠభూమి మీద, కృష్ణకు ఉత్తరపు నల్లమలలో, చెంచుల పెంటల (గూడేల) మధ్య మకాం పెట్టాడు. గడ్డలు తవ్వే కర్ర, తేనె తీసే తాడు, గుండ్రటి గుడిసె, ఏ కుటుంబం ఎప్పుడు ఏ పెంటకు మారుతుంది, ఎవరి మాట ఎవరు వింటారు అన్నవన్నీ ఓపికగా రాసుకున్నాడు. 'ద చెంచూస్' 1943లో అచ్చయింది. నదికి ఇవతల, ఆత్మకూరు, అహోబిలం వైపు అడవుల్లోని చెంచులు ఆ జాతివాళ్లే. అహోబిల నరసింహుడు చెంచులక్ష్మిని పెళ్లాడాడని చెప్పుకునే నేలకు ఆ పుస్తకం పక్కింటి చరిత్ర. హైమెండార్ఫ్ ఆ తర్వాత ఆదిలాబాద్ గోండుల దగ్గరికి వెళ్లాడు. బెట్టీ సమాధి అక్కడి మార్లవాయిలోనే ఉంది.

ఇంతమంది ఇంత రాయగలగడం కేవలం వ్యక్తుల గొప్పతనం కాదు. ఆ రాతల వెనక ఒక ఏర్పాటు ఉంది. కంపెనీ 1812లో మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జ్ కాలేజీ పెట్టి, కొత్తగా దిగిన కుర్ర ఉద్యోగులకు దేశభాషలు నేర్పించింది. 1816లో క్యాంబెల్ తెలుగు వ్యాకరణం వచ్చింది. బ్రౌన్ నిఘంటువు, తెలుగు రీడర్ 1850ల మొదట్లో వచ్చాయి. మచిలీపట్నంలో పనిచేసిన ఆర్డెన్ 1873లో, మొదటి పాఠం నుంచి మెట్టుమెట్టుగా నేర్పే వ్యాకరణం రాశాడు. ఎండలో బండి దిగిన తెల్లదొర చేతికి నిఘంటువు, వ్యాకరణం, వాడుక సంభాషణల పుస్తకం, పక్కన మున్షీ, పరీక్ష నెగ్గితే ప్రోత్సాహం, అన్నీ సిద్ధంగా ఉన్నాయి. పని కోసం పరాయి నేలకు వెళ్లే మనిషికి ఏమేం కావాలో ఆనాటి ప్రభుత్వానికి బాగా తెలుసు. పాలనకు, పన్నులకు అది అవసరం కాబట్టే తెలుసుకుంది.

ఏనుగుల వీరాస్వామయ్య దారి

మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయలుదేరాడు. దాదాపు వందమంది పరివారం, పల్లకీలు, డేరాలు. తిరుపతి, కడప దాటి అహోబిలం, మహానంది, శ్రీశైలం చూసుకుని కృష్ణ దాటాడు. హైదరాబాదు, నాగపూరు, ప్రయాగ, కాశీ, గయ, కలకత్తా, పూరీ మీదుగా తిరిగి 1831 సెప్టెంబర్ 3న మద్రాసు చేరాడు. దారి పొడుగునా రాసి పంపినదాన్ని అతని మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె దాచి, వీరాస్వామయ్య చనిపోయిన రెండేళ్లకు 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చేయించాడు. 1941లో దిగవల్లి వేంకటశివరావు చక్కని వివరాలతో తిరిగి ప్రచురించాడు.

ఇది తీర్థయాత్ర పుస్తకమే. అయినా విదేశవాసపు పుస్తకాల వరసలో దీనికి చోటు ఉండాలి. కారణం రాసిన మనిషి వృత్తి. రెండు భాషల మధ్య, రెండు న్యాయాల మధ్య నిలబడి ఒకరి మాట ఇంకొకరికి చేర్చడమే అతని ఉద్యోగం. ఆ కన్నుతోనే దారంతా చూశాడు. ఏ ఊళ్లో సత్రం ఉంది, ఎక్కడ బియ్యం దొరుకుతాయి, ఎక్కడ బోయీలు దొరకరు, ఏ నాణెం ఎంతవరకు చెల్లుతుంది, ఎక్కడ సుంకం అడుగుతారు అన్నవి వరసగా చెబుతాడు. తన వెనక రాబోయే మనిషి ఇబ్బంది పడకూడదన్న శ్రద్ధ ప్రతి మజిలీలోనూ ఉంటుంది.

అహోబిలం నుంచి శ్రీశైలం దాకా ఉన్న భాగం ఇవాళ్టి నంద్యాల జిల్లా పాఠకులు ప్రత్యేకంగా చదవాలి. ఆనాడు ఈ నేల కందనూరు (కర్నూలు) నవాబు ఏలుబడిలో ఉండేది. కంపెనీ దాన్ని 1839లో గాని స్వాధీనం చేసుకోలేదు. అంటే కడప దాటి ఇటు అడుగుపెట్టిన మద్రాసు ఉద్యోగి ఒక పాలన నుంచి మరో పాలనలోకి వచ్చాడన్నమాట. శ్రీశైలం యాత్రికుల దగ్గర నవాబు పన్ను రాబట్టి, ఆలయానికి మాత్రం ఖర్చు పెట్టని తీరును వీరాస్వామయ్య దాచకుండా రాశాడు. భక్తితో వచ్చిన మనిషే లెక్కలూ అడిగాడు. పైగా ఇదంతా గ్రంథాల భాషలో కాక, మద్రాసులో చదువుకున్నవాళ్లు మాట్లాడుకునే తెలుగుకు దగ్గరి భాషలో ఉంది. వ్యావహారిక భాష కోసం ఉద్యమం రావడానికి డెబ్బై ఏళ్ల ముందే, దారిలో చూసింది చూసినట్టు చెప్పడానికి వాడుక మాటే తగినదని ఈ పుస్తకం నిరూపించింది.

పార్వతీశం టోపీ

విదేశవాసం మీద తెలుగులో అందరికీ తెలిసిన పుస్తకం 'బారిష్టర్ పార్వతీశం'. మొక్కపాటి నరసింహశాస్త్రి రాసిన మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రాడు ఇంట్లో చెప్పకుండా బారిష్టరీ చదవడానికి ఇంగ్లండు బయలుదేరతాడు. దొరల టోపీ అనుకుని ఆడవాళ్ల టోపీ కొనడం, రైలులోనూ ఓడలోనూ పడ్డ పాట్లు తలుచుకుని మూడు తరాలు నవ్వాయి. రచయిత స్వయంగా ఎడిన్‌బరోలో వ్యవసాయశాస్త్రం చదివి వచ్చినవాడు. అందుకే ఆ హాస్యం గాలిలోంచి పుట్టలేదు. పరాయి దేశంలో మొదటి నెలల్లో మనిషి ఎంత చిన్నవాడైపోతాడో, తెలియనిదాన్ని తెలిసినట్టు నటించడానికి ఎంత అవస్థ పడతాడో ఆ నవ్వు కింద ఉంది.

కలెర్వో ఓబెర్గ్ అనే కెనడా మానవశాస్త్రవేత్త పరాయి సంస్కృతిలో పడ్డ మనిషి స్థితిని 1954లో ఒక ఉపన్యాసంలో నాలుగు దశలుగా వివరించాడు. మొదట అంతా ముచ్చటగా ఉంటుంది. తర్వాత చిరాకు, కోపం, ఇంటి మీద బెంగ. ఆపైన భాష కొంచెం పట్టుబడి, తన పొరపాట్లకు తానే నవ్వుకోగల స్థితి. చివరికి అక్కడి పద్ధతి కూడా బతకడానికి ఒక పద్ధతేనన్న ఒప్పుదల. ఆ ఉపన్యాసానికి ముప్పై ఏళ్ల ముందే మొక్కపాటి ఈ మలుపులను కథలో చూపించాడు. విదేశం వెళ్లే ఏ కుర్రవాడికైనా, కుర్రదానికైనా ఓబెర్గ్ ఉపన్యాసం కంటే పార్వతీశమే ఎక్కువ పనికొస్తాడు. ఎదుటివాళ్లు నవ్వారని కుంగిపోకుండా ఎలా ఉండాలో అతను నేర్పుతాడు.

అయితే పార్వతీశం చదువుకోవడానికి వెళ్లినవాడు. ఇంటి నుంచి డబ్బు వస్తుంది. తిరిగొస్తే ఊళ్లో గౌరవం ఉంది. అదే కాలంలో ఓడ ఎక్కిన లక్షలాది తెలుగువాళ్లకు ఈ రెండూ లేవు.

పుస్తకం లేని ఓడలు

1830ల నుంచి మారిషస్‌కు, 1860 నుంచి నేటాల్‌కు, 1903 నుంచి ఫిజీకి మద్రాసు రేవు మీదుగా తెలుగు కూలీలు ఒప్పంద పత్రం మీద వేలిముద్ర వేసి వెళ్లారు. నేటాల్ చేరిన తొలి ఓడ 'ట్రూరో' 1860 నవంబర్ 16న దర్బన్‌లో ఆగింది. మలయా తోటలకు కంగాణీలు, అంటే కూలీలను పోగుచేసే మేస్త్రీలు, తీసుకుపోయారు. రంగూన్ రేవుల్లో బస్తాలు మోసిన తెలుగువాళ్లను అక్కడ కోరంగీలన్నారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో కూలి కోసం తెలుగు కార్మికులు సమ్మె చేశారు. వాళ్ల చోట బర్మీయులను దించి, సమ్మె తీరాక ఆ బర్మీయులను పంపేశారు. దాంతో చెలరేగిన అల్లర్లలో ఎందరో చనిపోయారు. 1942లో జపాన్ సేనలు ముంచుకొస్తే మిగిలినవాళ్లు కొండలు, అడవులు పడి నడిచి వచ్చారు.

ఈ బతుకులు ఎక్కడ రాసి ఉన్నాయి? ఓడల రిజిస్టర్లలో, ప్రొటెక్టర్ల నివేదికల్లో. రంగూన్ కూలీల గదులు, అప్పులు, మేస్త్రీలు పట్టుకునే వాటాల గురించి తెలుసుకోవాలంటే 1933లో అచ్చయిన 'ఇండియన్ లేబర్ ఇన్ రంగూన్' చూడాలి. దాన్ని రాసిన ఆండ్రూ వలసల శాఖ అధికారి. మంచి పుస్తకమే గాని బస్తా మోసినవాడిది కాదు. రేవు నుంచి ఇంటికి వచ్చిన మనిషి సాయంత్రం ఏం తలుచుకున్నాడో ఏ అధికారీ రాయలేడు.

అలాంటి ఒక మనిషి రాస్తే ఏం జరుగుతుందో హిందీలో ఉదాహరణ ఉంది. ఫిరోజాబాద్ ప్రాంతపు తోతారాం సనాఢ్య 1893లో ఒప్పంద కూలీగా ఫిజీ చేరాడు. ఇరవై ఒక్క ఏళ్లు ఉండి 1914లో తిరిగొచ్చి, తన కథను బనారసీదాస్ చతుర్వేదికి చెప్పాడు. అదే ఏడు పుస్తకం వచ్చింది. చెరకు తోటల్లో కూలీలను, ముఖ్యంగా ఆడవాళ్లను ఎలా చూస్తారో దేశానికి తెలిసింది. ఒప్పంద కూలి విధానాన్ని మాన్పించాలన్న ఉద్యమానికి అది పెద్ద బలమైంది. 1917లో కూలీలను ఎక్కించడం ఆగింది, 1920కి మిగిలిన ఒప్పందాలు రద్దయ్యాయి. చెప్పినవాడు ఒక కూలి, రాసి పెట్టినవాడు ఒక పత్రికా రచయిత.

అమెరికా అర నిండుగా ఉంది

1965లో అమెరికా వలస చట్టం మారాక డాక్టర్లు, ఇంజినీర్లు వెళ్లారు. చదువుకున్నవాళ్లు కాబట్టి రాశారు. 1977లో తానా ఏర్పడింది. 1990లలో వంగూరి ఫౌండేషన్ 'అమెరికా తెలుగు కథానిక' సంకలనాలు తేవడం మొదలుపెట్టింది. 1998లో 'ఈమాట' పత్రిక వచ్చింది. నిడదవోలు మాలతి వంటి రచయితలు అక్కడి కాపురాలను, తరాల మధ్య దూరాన్ని నేర్పుగా రాశారు. ఈ కథల్లో ఇల్లు బాగా ఉంటుంది: వంటగది, పిల్లల తెలుగు, ఊళ్లో ఒంటరైన తల్లిదండ్రులు. ఆఫీసు తక్కువ. నంద్యాల ఇంజినీరింగ్ కాలేజీ నుంచి వెళ్లిన కుర్రాడికి కన్సల్టెన్సీ ఎలా జీతం కోస్తుంది, బెంచ్ మీద ఉన్న నెలల్లో ఎలా గడుస్తుంది, వీసా లాటరీ తప్పితే ఏమవుతుంది అన్న సంగతులు చెప్పే పుస్తకం కావాలి. అయినా ఆ అర ఖాళీగా లేదు. రాసేవాళ్లూ, అచ్చువేసేవాళ్లూ, చదివేవాళ్లూ ఉన్నారు.

ఖాళీగా ఉన్నది గల్ఫ్ అర.

ఎడారి గురించి

1970లలో చమురు ధరలు పెరిగాక కడప, రాజంపేట, రాయచోటి వైపు నుంచి కువైట్‌కు దారి పడింది. ఆ దారి చాగలమర్రి, ఆళ్లగడ్డ, నంద్యాల దాకా పాకింది. మగవాళ్లు డ్రైవర్లుగా, మేస్త్రీలుగా, తోట పనికి వెళ్లారు. ఆడవాళ్లు ఖద్దామా వీసా మీద, అంటే ఇంటి పనికి వెళ్లారు. వాళ్ల రోజువారీ మాటల్లోకి కఫీల్, అఖామా (నివాస అనుమతి), బతాకా (గుర్తింపు కార్డు), ఔట్‌పాస్ (తిరుగు ప్రయాణపు అనుమతి పత్రం) వచ్చి చేరాయి. కఫీల్ అంటే పూచీపడ్డ యజమాని. చాలాచోట్ల పని మారాలన్నా, ఒక్కోచోట దేశం దాటాలన్నా అతని ఒప్పుదల కావాలి. కాగితాలు లేకుండా బయట తిరిగే మనిషిని ఖల్లివెల్లి అంటారు. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు లక్షా డెబ్బై వేల మందికి పైగా భారతీయులను అమ్మాన్ మీదుగా విమానాల్లో తెచ్చారు. వాళ్లలో రాయలసీమవాళ్లూ ఉన్నారు. చేతిలో సంచితో ఇల్లు చేరిన ఆ మనుషుల్లో ఒక్కరైనా తన నోటితో చెప్పిన పూర్తి పుస్తకం తెలుగు పాఠకుడి చేతికి సులభంగా దొరకాలి కదా. దొరకడం లేదు.

తెలుగులో గల్ఫ్ మీద ఏమీ లేదని కాదు. పెద్దింటి అశోక్ కుమార్ 'ఎడారి మంటలు' నవల సిరిసిల్ల వైపు నుంచి వెళ్లినవాళ్ల గోడు చెబుతుంది. కథలు, పాటలు ఉన్నాయి. కాని ఎక్కువ భాగం ఊళ్లో మిగిలినవాళ్ల వైపు నుంచి చెప్పినవి. బెన్యామిన్ మలయాళ నవల 'ఆడుజీవితం' 2008లో వచ్చి, మరుసటి ఏడు కేరళ సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. తెలుగులోకీ అనువాదమైంది, 2024లో సినిమా అయింది. సౌదీ ఎడారిలో మేకల మందలో చిక్కుపడిన నజీబ్ కథ అది. బెన్యామిన్ తానూ బహ్రెయిన్‌లో ఏళ్ల తరబడి ఉద్యోగం చేసినవాడు కాబట్టే, ఆ మనిషిని కలిసి, విని, రాయగలిగాడు. మలయాళీలకు అలాంటి వినేవాళ్లు గల్ఫ్‌లోనే ఉన్నారు. తెలుగు కార్మికులకు తక్కువమంది ఉన్నారు. అసలు లోటు అక్కడే ఉంది.

1983 వలసల చట్టం, ఇ-మైగ్రేట్ నమోదు, ముప్పై ఏళ్లలోపు ఆడవాళ్లను ఇంటి పనికి పంపకూడదన్న నియమం, ముప్పై దాటినవాళ్లను ప్రభుత్వ సంస్థల ద్వారానే తీసుకోవాలన్న నిబంధన, ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. విదేశాంగ శాఖ 2018 నుంచి ప్రయాణానికి ముందు ఒక రోజు శిక్షణ పెట్టింది. మంచిదే. కంపెనీ దొరకు కాలేజీ, నిఘంటువు, మున్షీ, పరీక్ష ఉంటే, కువైట్ ఇంట్లో రెండేళ్లు ఉండబోయే ఆళ్లగడ్డ ఆడమనిషికి ఒక్క రోజు! ఏజెంటు సందర్శకుల వీసా మీద పంపితే ఆ ఒక్క రోజూ ఉండదు. వీసా ఏ రకం, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉండాలి, రంజాన్ నెలలో పని గంటలు ఎలా మారతాయి, ఇంటి ఆడవాళ్లతో ఎలా మాట్లాడాలి, ఆపద వస్తే రాయబార కార్యాలయానికి ఎలా చేరాలి అన్నవి అక్కడ ఉండి వచ్చిన మనిషే సరిగా చెప్పగలదు.

ఆళ్లగడ్డలో ఇంకో పని ఉంది, రాతి శిల్పం. ఇక్కడి శిల్పశాలల్లో చెక్కిన విగ్రహాలు సముద్రాలు దాటి విదేశాల్లోని గుళ్లలో నిలిచాయి. ఆ రాయి ప్రయాణం, దాన్ని అడిగిన పరాయి ఊరి భక్తుల కోరికలు, కొలతల దగ్గర వచ్చే పేచీలు ఒక శిల్పి చెబితే అది కూడా ఈ వరసలో చక్కని పుస్తకం అవుతుంది.

రాయడం ఎలా మొదలవుతుంది

కూలికి రాసే తీరిక, చదువు ఎక్కడిది అన్న మాట తరచు వినిపిస్తుంది. ఆ మాట నిలవదు. బేబీ హల్దర్ గుర్‌గావ్‌లో ఇంటి పని చేసుకున్న బెంగాలీ ఆడమనిషి. చిన్ననాటనే బడి మాని, పెళ్లి చేసుకుని, పిల్లలతో ఇల్లు విడిచి వచ్చింది. ఆవిడ పనిచేసిన ఇంటి యజమాని, ప్రేమ్‌చంద్ మనవడు ప్రబోధ్ కుమార్, ఒక నోటు పుస్తకం, కలం ఇచ్చి రాయమన్నాడు. పని ముగిశాక రాత్రిళ్లు రాసింది. 'ఆలో ఆంధారి' 2002లో హిందీలో వచ్చి, ఆపైన ఎన్నో భాషల్లోకి వెళ్లింది. సింగపూర్‌లో కట్టడం పనిచేసిన బంగ్లాదేశీ మొహమ్మద్ షరీఫ్ ఉద్దీన్ డైరీ 'స్ట్రేంజర్ టు మైసెల్ఫ్' 2017లో అచ్చయి, మరుసటి ఏడు అక్కడి పుస్తక పురస్కారాల్లో ఉత్తమ కథనేతర గ్రంథంగా నిలిచింది. సింగపూర్‌లో 2014 నుంచి వలస కార్మికులకు కవితల పోటీ నడిచింది. పని మానకుండానే రాసినవాళ్లు వీళ్లు. ఒక నోటు పుస్తకం, చదివి నిజాయితీగా చెప్పే ఒక మనిషి, అచ్చు వేసే ఒక చోటు ఉంటే చాలు. రాయడం రానివాళ్ల మాటను సనాఢ్యకు చతుర్వేది చేసినట్టు ఎవరైనా రాసి పెట్టవచ్చు. ఇప్పుడు ప్రతి ఫోన్‌లోనూ గొంతు దాచుకునే వీలుంది.

నంద్యాల, ఆళ్లగడ్డ గ్రంథాలయాలు, కాలేజీల తెలుగు శాఖలు, జిల్లాలోని రచయితల సంఘాలు ఈ పని తలకెత్తుకోవాలి. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన డ్రైవరును, వంటామెను, మేస్త్రీని, విదేశీ గుడికి విగ్రహం పంపిన శిల్పిని పిలిచి కూర్చోబెట్టి వినాలి. వాళ్ల అనుమతితో, అవసరమైతే పేరు మార్చి, వాళ్ల మాటను వాళ్ల యాసలోనే రాయాలి. ఏజెంటుకు ఇచ్చిన డబ్బు, మొదటి నెల జీతం, పడుకున్న గది, నేర్చుకున్న మొదటి పది అరబ్బీ మాటలు, చేసిన మేలు, పడ్డ అవమానం, ఏదీ దాచకుండా చేర్చాలి. వచ్చే నెల విమానం ఎక్కబోయే మనిషి చేతికి ఆ పుస్తకం అందేలా చూడాలి. తొలి రోజుల్లో వెళ్లి తిరిగొచ్చినవాళ్లలో చాలామంది ఇప్పటికే అరవై దాటినవాళ్లు. ఈ పని ఈ ఏడే మొదలుపెట్టండి.